జాషువాను పొగిడేవారికి
పేదరికంలో పుట్టి స్వయంకృషితో ఎదిగారన్న మాట కవి గుర్రం జాషువా జయంతి సభల్లో ఏటా వినిపిస్తుంది. నిజమే, కానీ సగమే. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన బతుకుతెరువుకు బడిపంతులు పని చేశారు, రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పారు. ఆ తిప్పల మధ్యే సంస్కృత కావ్యాలు చదివి ఉభయభాషా ప్రవీణ అయ్యారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి లాంటి గురువు దొరకడం ఆయన అదృష్టం. ఇంత చదివినా కులం పేరుతో సభల్లో అవమానాలు తప్పలేదు. కష్టపడితే చాలు, అన్నీ అవే వస్తాయనేవారు ఈ సంగతి దాటవేస్తారు. ఆయన దాటవేయలేదు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, 1941 నాటి ‘గబ్బిలం’ కావ్యంలో జాషువా గబ్బిలాన్ని ఎంచుకున్నారు. మనిషిని రానివ్వని గుడిలోకి అది దర్జాగా వెళ్తుంది మరి! అంత రాసినా పద్మభూషణ్ వచ్చింది 1970లో, డెబ్బై దాటాక.

ఆయనకు దొరికినట్టు గురువు అందరికీ దొరకరు. అందుకే ఆయన జయంతి రోజైన సెప్టెంబర్ 28న విగ్రహానికి దండ వేసే నేతలు, అధికారులు అదే పూట ఊళ్లోని సంక్షేమ హాస్టల్‌కు వెళ్లి, పిల్లలకు పుస్తకాలున్నాయో లేవో, చెప్పేవారున్నారో లేరో చూసి రావాలి. లేకపోతే ఆ వారంలోనే ఏర్పాటు చేయించాలి.