ఇంటిలోని హాట్ సీటు

పిల్లల చదువులు, పొదుపు, ఆరోగ్యం వంటి విషయాలను ఈ శీర్షికలో పాఠక మిత్రులతో పలు పర్యాయాలు ముచ్చటించి ఉన్నాము. ఈసారి వినోదం వంతు. అయితే ఈ వినోదంలో మేము చేసిన పొరపాటు ఒకటి, నేర్చిన పాఠం ఒకటి ఉన్నాయి. వాటిని దాచుకొనక విన్నవించుకొంటున్నాము.

టెలివిజన్‌లో ప్రశ్నోత్తరాల పోటీ వస్తుండగా ఇంటిల్లిపాదీ చేరి, పోటీదారు కంటె ముందుగా సమాధానం చెప్పాలని పందెం వేసుకోని కుటుంబం అరుదు. దూరదర్శన్‌లో 1985లో సిద్ధార్థ బసు నిర్వహించిన ‘క్విజ్ టైమ్’ నాటి నుండి ఈ ముచ్చట మన ఇళ్లలో ఉన్నదే. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’తో తెరపైకి వచ్చిన పిదప అది ఇంటింటి ఆట అయినది. 2009లో సౌరవ్ గంగూలీ బెంగాలీలో ‘దాదాగిరి’ని, 2014లో నాగార్జున తెలుగులో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ను ప్రారంభించారు. కోల్‌కతా నగరానికి ఈ విద్య అంతకంటె పాతది. 1967లోనే ఇక్కడ నీల్ ఓబ్రయన్ బహిరంగ క్విజ్ పోటీ నిర్వహించారు.

మా నివాసం ఈ నగరంలోని మెటియాబ్రుజ్‌లో. ఒక దిక్కున యుద్ధనౌకలు నిర్మించే గార్డెన్ రీచ్ కర్మాగారం, మరొక దిక్కున దర్జీల కుట్టుమిషన్ల చప్పుడు. మా ఇంట ఆటకు కొన్ని నియమాలు ఏర్పరచుకొన్నాము. ప్రతివారి చేతిలో ఒక కాగితం, ఒక పెన్సిలు. తెరపై నాలుగు సమాధానాలు కనబడక ముందే సరిగా వ్రాసినవారికి రెండు మార్కులు, కనబడిన తరువాత వ్రాసినవారికి ఒకటి. ఏమియు తెలియకున్నను నాలుగింటిలో ఒకదానిపై వేలు పెడితే నాలుగోవంతు అవకాశం ఎవరికైనా ఉంటుంది; అది అదృష్టమే గాని జ్ఞానం కాదు. ప్రకటనలు వచ్చే సమయంలో ఇంటివారే ఒకరినొకరు ప్రశ్నించుకోవాలి. మార్కుల పట్టిక పాత క్యాలెండరు వెనుక పుట.

మా తల్లిగారు మాత్రం ఆటలో చేరేవారు కారు. బొబ్బిలి ప్రాంతం నుండి వచ్చిన ఆమెకు హిందీ రాదు, బెంగాలీ అంతంతమాత్రం. ఒక మూలన కూర్చుని దీపారాధనకు వత్తులు చేసుకొంటూ ఉండేవారు. మేమును ఆమెను అడుగలేదు.

ఒక రాత్రి ప్రకటనల విరామంలో పదేండ్ల మా అబ్బాయిని అడిగాము: “మన మెటియాబ్రుజ్‌కు ఆ పేరు ఎలా వచ్చినది?” వాడు కొంత ఆలోచించి, “మటన్ బిర్యానీ వల్ల” అన్నాడు. అందరము పగలబడి నవ్వినాము. అందరికంటె బిగ్గరగా నవ్వినది మేమే. వాడు కాగితం మడిచి లోనికి వెళ్లిపోయినాడు. ఆ తరువాత రెండు వారాలు ఆట సమయానికి వానికి ఏదో ఒక హోంవర్కు ఉండేది.

ఆ రాత్రే మా తల్లిగారు వత్తి చేయడం ఆపి, “నవ్వుతున్నావు గానీ, నీకు తెలుసా ఏటి?” అని అడిగినారు. నిజమునకు మాకు తెలియదు. ప్రశ్న అడిగే ఆసనంలో కూర్చున్నందున తెలిసినవారమని భ్రమించినాము. ఆ పేరును మరొకమారు పలుకమని, విని ఆమె అన్నారు: “మటియా బురుజు... మట్టి బురుజే గదరా! మా బొబ్బిలి కోట మాటే.”

మరునాడు విచారించగా ఆమె చెప్పినదే నిజమైనది. మెటియాబ్రుజ్ అనగా మట్టి బురుజు. పారశీకం వెంట వచ్చిన ‘బురుజు’ ఇటు బెంగాలీలోను, అటు మన తెలుగు కోటలలోను నిలిచి ఉన్నది. ఇన్నేళ్లుగా మూలన కూర్చున్న మనిషి దగ్గర సమాధానం ఉన్నది, అడిగినవారు లేరు.

వచ్చిన ఆదివారం అబ్బాయిని వెంటబెట్టుకొని ఇక్కడి సిబ్తైనాబాద్ ఇమాంబారాకు వెళ్లినాము. అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా సమాధి అక్కడనే ఉన్నది. 1856లో రాజ్యం కోల్పోయి కలకత్తా చేరిన ఆయన, తిరుగుబాటు కాలంలో ఫోర్ట్ విలియంలో నిర్బంధంలో గడిపిన దినాలు మినహా, 1887లో కన్నుమూసే వరకు ఈ మెటియాబ్రుజ్‌లోనే నివసించారు. బంగాళాదుంప వేసే కోల్‌కతా బిర్యానీని ఆయన వంటశాలతో ముడిపెట్టి చెప్పుకొంటారు. అనగా మావాడు పేరు విషయంలో తప్పినా, ఊరి చరిత్రకు దగ్గరలోనే ఉన్నాడు. ఆ మాట వానితో చెప్పి, నవ్వినందుకు విచారం వెలిబుచ్చినాము. వాడు తల ఊపినాడు గాని వెంటనే మాట్లాడలేదు. తిరుగు దారిలో, “మామ్మకు ఎన్ని మార్కులు?” అని అడిగినాడు.

ఇప్పుడు మా ఇంట మూడు కొత్త నియమాలు అమలులో ఉన్నవి. తప్పు చెప్పినవారిని నవ్వరాదు. “తెలియదు” అని ఒప్పుకొన్నవారికి అర మార్కు. మరునాటికి తెలుసుకొని వచ్చి చెప్పినచో మిగిలిన అర మార్కు. మూడవది, ప్రతి ఆటలో ఒక ప్రశ్న తెలుగులో, మామ్మ అడుగవలెను. జొన్నకు, చోడికి తేడా ఏమి? అమావాస్య నాడు సముద్రం ఎందుకు పొంగుతుంది? వీటికి నాలుగు సమాధానాలు తెరపై కనబడవు. ఎక్కువ మార్కులు పోగొట్టుకొనుచున్నది మేమే.

తెరపై ఆటలో పోటీదారు ఎవరో, బహుమానం ఎవరిదో. సమాధానం చెప్పలేనివాడు సెలవు తీసుకొని వెళ్లిపోతాడు. ఇంటి ఆటలో ఓడినవాడు రేపు అదే పీటపై మనతోనే భోజనానికి కూర్చోవాలి. కనుక ఇక్కడ సరియైన సమాధానం కంటె, తప్పు సమాధానాన్ని మనము వినే తీరు ముఖ్యం.

సోదర ఉద్యోగులకు, గృహిణులకు, చిరంజీవులకు ఈ నెల ఇంటి ప్రశ్న: మీరు ఉంటున్న వాడకు, మీ స్వగ్రామానికి ఆ పేర్లు ఎలా వచ్చినవి? ముందుగా ఇంటిలోని పెద్దవారిని అడగండి. జవాబులు వ్రాసి పంపితే రాబోవు సంచికలో ముచ్చటించుకొందాము.