నడుమ కూర్చున్న యంత్రానికి న్యాయం ఎవరు నేర్పాలి?

విద్యార్థులారా! ఇద్దరు మాట్లాడుకునే వీడియో కాల్‌కీ, నలభై మంది కలిసే వీడియో కాల్‌కీ తేడా ఏమిటి? మనుషుల సంఖ్యే గదా అని మీరు అనవచ్చు. కాని అంతకన్నా పెద్ద తేడా ఒకటి ఉంది. ఎక్కువమంది కలిసే కాల్‌లో సాధారణంగా కంటికి కనపడకుండా నడుమ ఒక కంప్యూటరు కూర్చుని ఉంటుంది. దాన్నే సర్వర్ అంటాం. ఎవరి గొంతు ఎవరికి చేరాలో, ఎవరి బొమ్మ ఎంత స్పష్టంగా కనపడాలో తేల్చేది అదే. అయితే దానికి ఆ నియమాలు నేర్పేది మనిషి. ఈ నేర్పడం కేవలం కంప్యూటరు నిపుణుల పని అనుకుని మనం ఊరుకోకూడదని నా అభిప్రాయం. అందులో న్యాయాన్యాయాల ప్రశ్న కూడా ఉంది.

ముందుగా ఈ నడుమ యంత్రం ఎందుకు కావలసి వచ్చిందో చూద్దాం. ఇద్దరైతే ఒక్క దారి చాలు. ముగ్గురికి మూడు దారులు, నలుగురికి ఆరు. పదిమందికి 45 కావాలి. 40 మంది ఉన్న తరగతికైతే ఏకంగా 780! ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితో కరచాలనం చేసే లెక్కే ఇది. అప్పుడు ఒక్కొక్క ఫోనూ తన బొమ్మను మిగతా 39 మందికీ విడివిడిగా పంపాలి. ఒక బొమ్మకు సెకనుకు 500 కిలోబిట్లు అనుకున్నా, మొత్తం 19,500 కిలోబిట్లు అవుతుంది. ఒక మామూలు ఫోను ఆ బరువు ఎలా మోస్తుంది?

అందుకే అందరూ తమ బొమ్మను, గొంతును నడుమనున్న సర్వర్‌కు పంపుతారు. ఆ సర్వర్ రెండు రకాలుగా పనిచేయవచ్చు. మొదటి పద్ధతిలో అది వచ్చిన బొమ్మలన్నిటినీ విప్పి, ఒకే పటంగా అతికించి, మళ్ళీ మూటకట్టి ఒక్కొక్కరికి ఒక్కటే పంపుతుంది. గొంతులను కూడా కలుపుతుంది. కాని ఎవరి గొంతు వారికి తిరిగి వెళ్ళకుండా తీసివేస్తుంది. లేకుంటే మన మాట మనకే ప్రతిధ్వనిస్తుంది. ఈ పద్ధతిలో ఫోనుకు సుఖం, సర్వర్‌కు చాకిరీ. రెండో పద్ధతిలో సర్వర్ దేన్నీ విప్పదు, ఏది ఎవరికో ఎంచి పంపుతుంది, అంతే. చాలా వ్యవస్థల్లో ప్రతి ఫోనూ తన బొమ్మను పెద్దది, చిన్నది అని రెండు మూడు పరిమాణాల్లో పంపుతుంది. సిగ్నల్ బాగున్న వారికి పెద్దది, లేనివారికి చిన్నది సర్వర్ అందిస్తుంది.

ఇక ముందుగా సమయం నిర్ణయించుకోకుండా, అప్పటికప్పుడు కలిసే కాల్‌ల సంగతి చూద్దాం. ఇద్దరు మాట్లాడుకుంటుండగా మూడోవాడిని పిలిచారనుకోండి. అంతదాకా నేరుగా సాగిన కాల్‌ను ఉన్నపాటున సర్వర్ మీదికి మార్చాలి. ఆ క్షణంలో సర్వర్‌లో చోటు ఖాళీగా ఉండాలి. చెప్పకుండా వచ్చే చుట్టాల కోసం బంతిలో ఎన్ని విస్తళ్ళు అదనంగా వేసి ఉంచాలి అన్నటువంటి సమస్య ఇది. టెలిఫోను లైన్ల విషయంలో ఇదే లెక్కను డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లోనే చేసి చూపాడు. ఎన్ని లైన్లు ఉంటే ఎందరికి ‘ఖాళీ లేదు’ అన్న జవాబు వస్తుందో ఆయన సూత్రం చెబుతుంది.

సర్వర్‌ను అమర్చే వ్యక్తి ఇక్కడ కనీసం మూడు నిర్ణయాలు తీసుకోవాలి. మొదటిది, ఒక కాల్‌లో ఎందరిని చేరనివ్వాలి? కార్యాలయాల్లో వాడే సిస్కో కంపెనీ వారి యూనిఫైడ్ కమ్యూనికేషన్స్ మేనేజర్‌లో, ఎవరూ మార్చకపోతే అప్పటికప్పుడు కలిసే కాల్‌కు గరిష్ఠ సంఖ్య నాలుగు మాత్రమే. రెండోది, కాల్ మొదలుపెట్టినవారు వెళ్ళిపోతే మిగతావారి సంగతేమిటి? అదే వ్యవస్థలో, మనం మార్చనంతవరకు కాల్ కొనసాగుతుంది. కావాలంటే మొదలుపెట్టినవారితోపాటే అది ముగిసేలా కూడా అమర్చవచ్చు. మూడోది, సిగ్నల్ బలహీనమైతే ముందు దేన్ని వదులుకోవాలి, బొమ్మనా, గొంతునా?

ఇవి పైకి చిన్న మీటలే. కాని ఒక్కొక్క మీట వెనుక ఎవరో ఒక పిల్లవాడు ఉన్నాడు. కరోనా కాలంలో బడులు మూతబడినప్పుడు, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానెళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఎన్నో ఇళ్ళకు పాఠం చేరింది. కాని టీవీ ముందు చెయ్యెత్తి, ‘మాస్టారూ, అర్థం కాలేదు’ అంటే మాస్టారికి వినపడదు గదా! వీడియో కాల్‌కు ఉన్న అసలు గొప్పతనం ఆ తిరిగి అడిగే అవకాశమే. ఒక మూలనున్న పిల్లవాడి గొంతు తెగిపోతుంటే, అతనికి మాత్రం ఆ కాల్ మళ్ళీ టీవీ అయిపోయినట్టే.

అందుచేత నేను కోరేది ఇది. బడికోసం అమర్చే సర్వర్‌కు అందరికన్నా బలహీనమైన ఫోనే కొలమానం కావాలి. గొంతుకు మొదటి పీట వేయాలి. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ పద్ధతిలో సెకనుకు 24 కిలోబిట్లతో మాట చక్కగా వినపడుతుంది. గంటకు సుమారు 11 మెగాబైట్లు. అదే 500 కిలోబిట్ల బొమ్మకు గంటకు 225 మెగాబైట్లు కావాలి. ప్యాకెట్లకు తగిలించే చిరునామాల బరువు కలిపితే రెండూ కొంత పెరుగుతాయి, కాని భేదం మాత్రం పెద్దగానే ఉంటుంది.

‘అందరికీ మంచి ఫోన్లు, వేగమైన ఇంటర్నెట్ ఇస్తే సరిపోతుంది గదా’ అని కొందరంటారు. ఇవ్వాల్సిందే. కాని అవి వచ్చేదాకా పాఠం ఆగదు. ‘బొమ్మ లేకుంటే సైన్సు ఎలా చెబుతారు’ అని మరికొందరు అడుగుతారు. నిజమే. అయితే గుండె పటం చూపడానికి మాస్టారి ముఖం కదలనక్కరలేదు. కదలని పటానికి పట్టే బరువు చాలా తక్కువ. ఇక మాస్టారు వెళ్ళాక పిల్లలను ఒంటరిగా కాల్‌లో వదలడం క్షేమం కాదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కాని ఆయన ఇంట్లో కరెంటు పోయిందని నలభై మంది పాఠం ఆగిపోనక్కరలేదు. ముందుగానే మరో ఉపాధ్యాయుడికి కూడా ఆ అధికారం ఇచ్చి ఉంచితే సరి.

మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, ఇలాంటి సర్వర్లు మీ చేతికే వస్తాయి. అందాకా ఆగనక్కరలేదు. ఈసారి మీ బడిలో ఇటువంటి కాల్ ఏర్పాటు చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఎందరికి చోటుంది? మొదలుపెట్టినవారు వెళితే ఏమవుతుంది? సిగ్నల్ తగ్గితే ముందు పోయేది ఏది? జవాబు తెలియకపోతే కలిసి వెతకండి. యంత్రం తనకు చెప్పినట్టే చేస్తుంది. అందరినీ తలచుకుని చెప్పడం మన బాధ్యత.