ఇనుమంటే అంత అలుసా?

ఖరీదైనదే గొప్పది అనే జబ్బు మనకొక్కరికే కాదు, కెమిస్ట్రీకి కూడా ఉన్నట్టుంది. మందుల తయారీలో రెండు కర్బన ముక్కల్ని అతికించాలంటే ఎక్కువగా వాడేది పల్లాడియం. 2010లో హెక్, నెగిషి, సుజుకీలకు నోబెల్ వచ్చింది ఈ పనికే. కాదనను, గొప్ప పనే. కానీ ఆ లోహం చాలావరకు రష్యా, దక్షిణాఫ్రికాల నుంచే రావాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే ఔన్సు 3000 డాలర్లు దాటింది. ఇలాంటి డిపెండెన్సీని మీ ప్రాజెక్టులో పెట్టుకుంటారా?

మరి ఇనుమో? భూమి పైపొరలో దాదాపు 5 శాతం అదే. మా సోమలలో టమోటా తోటలకు వేసే యూరియా ఉంది చూడండి, దానికి కావలసిన అమ్మోనియా వందేళ్లుగా తయారవుతున్నది ఇనుము ఉత్ప్రేరకంతోనే. కర్బనాలు అతికించే పని కూడా ఇనుముతో చెయ్యొచ్చని కోచి 1971లోనే చూపించాడు. 2002లో ఫుర్‌స్ట్‌నర్ దాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. ఐసీహెచ్ నిబంధనల ప్రకారం మింగే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇనుముకు అలాంటి హద్దే పెట్టలేదు. ఎందుకు పెడతారు, బళ్లో పిల్లలకు ఐరన్ మాత్రలు మనమే ఇస్తుంటే!

"అంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు?" అంటారు. చిక్కులున్నాయి. చాలా రియాక్షన్లకు తేమ తగిలితే పాడయ్యే గ్రిన్యార్ రియేజెంట్లు కావాలి. పైగా 2009లో బుఖ్వాల్డ్, బోల్మ్ ఒక గుట్టు విప్పారు. ఇనుము చేసిందనుకున్న కొన్ని రియాక్షన్లలో అసలు పని చేసింది ఫెర్రిక్ క్లోరైడులో కలిసిన రవ్వంత రాగి! అంతమాత్రాన ఇనుము పనికిరాదని కాదు, సరిగ్గా టెస్ట్ చెయ్యమని అర్థం.

నా అసలు గొడవ వేరే. కిలో మందుకు 25 నుంచి 100 కిలోల పైదాకా వ్యర్థం వస్తుందని షెల్డన్ 1992లోనే లెక్క చెప్పాడు. అందులో ఎక్కువ భాగం సాల్వెంట్లు. పటాన్‌చెరు నీళ్లు పాడయ్యాయని 1990లోనే సుప్రీంకోర్టుకెక్కాల్సి వచ్చింది. కాబట్టి లోహం మార్చేసి, సాల్వెంట్లు అలాగే ఉంచి, బ్రోషర్ మీద ఆకు బొమ్మ వేసుకుంటే ఒప్పుకోకూడదు. ఇనుము వాడండి, దాంతోపాటు కిలోకు ఎంత వ్యర్థమో లెక్క కూడా బయటపెట్టండి.

ఫార్మా షేర్లున్న మిత్రులారా, డివిడెండెంత అని అడిగే నోటితోనే ఇది కూడా అడగండి. ఏమంటారు?