లాభం మాది, నష్టం మనది

ప్రపంచాభివృద్ధి, పర్యావరణ సవాళ్ళు అనే సబ్జెక్టు మీద రెండేళ్ళుగా దూరవిద్యలో ఒక కోర్సు చదువుతున్నాను. పగలు కోడు, రాత్రి కార్బను. ఆఫీసులో తెలిసినవాళ్ళు "ఎందుకు బాసూ, ప్యాకేజీ పెరుగుద్దా?" అని అడిగారు. పెరగదు. కానీ చదివినదాంట్లో నాకు ఒళ్ళు మండిన సంగతి ఒకటుంది. అది బయటికి చెప్పకుండా పరీక్ష రాసేస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ పుస్తకాల్లో ఏ పేజీ తిప్పినా 'మనం' అనే మాట తగులుతుంది. మనం అడవులు నరికేశాం, మనం సముద్రాలు పాడుచేశాం, మనం రాబోయే తరాలకి అన్యాయం చేస్తున్నాం. 1987లో వచ్చిన బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక పేరే 'మన ఉమ్మడి భవిష్యత్తు'. ఇంగ్లీషువాడికి పాపం ఒక ఇబ్బంది ఉంది, 'మనం', 'మేం' రెండిటికీ వాడి దగ్గర ఒకటే మాట. మనకా బాధ లేదు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఇదే కోర్సు తెలుగులో చెప్పి ఉంటే మొదటి క్లాసులోనే ఎవడో ఒకడు లేచి అడిగేవాడు: "సార్, డబ్బులొచ్చినప్పుడు 'మేం' అన్నవాళ్ళు, కంపు కొట్టేసరికి 'మనం' ఎలా అయ్యారు?"

ఊరికే సిద్ధాంతం మాట్లాడి లాభం లేదు. మాది నెల్లూరు జిల్లా, సముద్రానికి దగ్గరి మండలం. లెక్క అక్కడే వేద్దాం.

1990ల మొదట్లో మా తీరానికి అభివృద్ధి వచ్చింది. దాని పేరు నీలి విప్లవం, దాని రూపం టైగర్ రొయ్య. కండలేరు క్రీకు పొడుగునా, బకింగ్‌హాం కాలువ పక్కనా, ఉప్పుటేళ్ళ వెంబడీ రొయ్యల గుంటలు తవ్వారు. వచ్చిన డబ్బు మామూలు డబ్బు కాదు. పూరిళ్ళు మిద్దెలయ్యాయి, సైకిలు వాడు జీపు కొన్నాడు. ఈ మాట నేను దాచను. ఎంచేతంటే ఇది చదివేవాళ్ళలో కొందరి ఇంజనీరింగు ఫీజులు కట్టింది ఆ రొయ్యే.

అయితే ఆ గుంటల డిజైను ఒకసారి చూడండి. క్రీకులోంచి నీళ్ళు తోడి గుంట నింపుతారు. మిగిలిపోయిన మేత, రొయ్యల మలం, మందులు కలిసిన మురుగు నీళ్ళు మళ్ళీ అదే క్రీకులోకి వదుల్తారు. నా మురుగు పక్కవాడి మంచినీళ్ళు, వాడి మురుగు నా మంచినీళ్ళు. మన భాషలో చెప్పాలంటే, అందరూ ఒకే ప్రొడక్షన్ డేటాబేసులో టెస్టు డేటా రాస్తూ, అందులోంచే లైవ్ డేటా చదువుకోవడం. ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో ఫ్రెషర్ని అడిగినా చెప్తాడు. 1994లో జబ్బు వచ్చింది. తెల్లమచ్చల వైరసు గుంట తర్వాత గుంట ఊడ్చేసింది. సొంత డబ్బు ఉన్నవాడు వేరే వ్యాపారంలోకి పోయాడు. అప్పు చేసినవాడు గుంట గట్టు మీద మిగిలాడు.

అసలు కథ ఆ గట్టుకి అవతల ఉంది. ఒక రైతు గుంట తవ్వి ఉప్పునీళ్ళు నింపితే ఆ ఉప్పు వాడి సర్వే నంబరు దగ్గర ఆగిపోదు. పక్క చేలోకి ఊరుతుంది. రెండు మూడు పంటలకి వరి ఎర్రబడిపోతుంది. అప్పుడు ఆ పక్కవాడు కూడా చేనుని గుంటకి లీజుకిస్తాడు. తర్వాత వాడి పక్కవాడు. దీన్ని పైనుంచి చూసి "రైతులు స్వచ్ఛందంగా లాభసాటి వృత్తికి మారారు" అని రాస్తారు. మొలగొలుకులు పండించిన మా మామ వరస ఆయన ఒకరు నాతో అన్నది వేరు: "నేనేంది అబ్బయా మారింది? నా చేను మారింది. బోర్లో ఉప్పునీళ్ళు వస్తుండాయి, వరి ఎట్ట పెట్టమంటావా?"

చేను ఉన్నవాడికి కనీసం లీజన్నా వస్తుంది. నాట్లకీ కలుపులకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళకి ఏమొచ్చింది? గుంటకి ఇద్దరు కాపలా మనుషులు చాలు. వాళ్ళకి కూలి పోయింది, దాంతోపాటు ఊరి బావిలో మంచినీళ్ళూ పోయాయి. ఇప్పుడు క్యాను నీళ్ళు కొనుక్కుంటున్నారు. గుంట తవ్వినవాడి ఖర్చు లెక్కలో ఆ క్యాను రేటు ఎక్కడన్నా ఉందా?

ఈ ప్రశ్న నాకంటే ముందే ఒకాయన అడిగాడు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. నాగపూర్‌లోని నీరీ సంస్థ తీరమంతా తిరిగి నివేదిక ఇచ్చింది. రొయ్యలు అమ్మితే వచ్చేదానికన్నా పర్యావరణానికీ జనానికీ జరిగే నష్టమే ఎక్కువని అది తేల్చింది. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సీఆర్‌జెడ్ పరిధిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల గుంటలు ఉండకూడదు. పులికాట్, చిలికా సరస్సులకి వెయ్యి మీటర్ల లోపల ఉండకూడదు. పంటభూములు, ఉప్పు మళ్ళు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు గుంటలుగా మార్చకూడదు. ఉన్నవి 1997 మార్చి 31 లోపు తీసేయాలి. పనివాళ్ళకి ఆరేళ్ళ జీతం పరిహారంగా ఇవ్వాలి. కాలుష్యం చేసినవాడే ఖర్చు కట్టాలి.

ఆ ఆఖరి వాక్యం మా సిలబస్‌లో ఒక చాప్టరు. గొప్ప సూత్రంగా చెప్పారు. ఆ తీర్పు తర్వాత ఏమైందో మాత్రం చాప్టర్లో లేదు. నేను చెప్తాను.

రివ్యూ పిటిషన్లు పడ్డాయి, కూల్చివేతలు ఆగాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. అందులో ఒక సెక్షను సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌కి కొత్త వాక్యం చేర్చింది. ఈ నిషేధాలు తీరప్రాంత ఆక్వాకల్చర్‌కి వర్తించవు అని దాని సారాంశం. ఎప్పటినుంచి? 2005 నుంచి కాదు, నోటిఫికేషన్ పుట్టిన 1991 ఫిబ్రవరి 19 నుంచి!

ఇది అర్థం కావడానికి మనకి లాయరు అక్కర్లేదు. బగ్గు దొరికింది. టెస్టర్ రిపోర్టు ఇచ్చాడు. రివ్యూలో బగ్గే అని తేలింది. అప్పుడు కోడు మార్చకుండా స్పెక్ మార్చి, దాని మీద పద్నాలుగేళ్ళ వెనకటి తేదీ వేసి, "ఇది మొదట్నుంచీ ఫీచరే" అని టికెట్ మూసేశారు. మన ప్రాజెక్టులో ఈ పని చేస్తే ఆడిట్‌లో ఉద్యోగం ఊడుతుంది.

ఆ చట్టంలో మంచి అస్సలు లేదని కాదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంది, పోటుగీతకి 200 మీటర్ల లోపు కొత్తగా తవ్వొద్దంది (పాతవాటికి మినహాయింపు ఇచ్చిందనుకోండి), రిజిస్ట్రేషన్ లేకుండా పెంచితే మూడేళ్ళ దాకా జైలు అంది. 2023 సవరణలో ఆ జైలు కూడా తీసేసి జరిమానాతో సరిపెట్టారు. హేచరీలని ఆ 200 మీటర్ల లోపలికీ రానిచ్చారు. మొత్తానికి చట్టం ఎటు జరుగుతోందో మీకే కనిపిస్తోంది.

ఈలోగా రొయ్య కూడా మారింది. 2009లో వనామీకి అనుమతిచ్చారు. అది పసిఫిక్ అవతలి ఒడ్డు రొయ్య. చదరపు మీటరుకి అరవై దాకా వేయొచ్చు. వనామీ గుంటకి మురుగు శుద్ధి ఏర్పాటు ఉండాలని నిబంధన. మైపాడు వైపు వెళ్ళినప్పుడు దారిపక్కన గుంటలు చూస్తూ, ఆ ఏర్పాటు ఎన్నిటికి ఉందో లెక్కపెట్టండి. 2023-24లో మన దేశం ఏడు లక్షల టన్నుల పైచిలుకు ఫ్రోజెన్ రొయ్యలు ఎగుమతి చేసింది. విలువ సుమారు 488 కోట్ల డాలర్లు. ఎక్కువ కొన్నది అమెరికా. 2025 ఆగస్టులో ట్రంప్ సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎవరి గొంతు మీద పడింది? మేత కంపెనీ మేత రేటు తగ్గించలేదని, కొనేవాడు మాత్రం వెంటనే కౌంటు రేటు తగ్గించాడని మా వైపు రైతులు మొత్తుకున్నారు. లాభం పైకి పోతుంది, రిస్కు గట్టు మీదకి దిగుతుంది. ఇదీ మన 'ఉమ్మడి' భవిష్యత్తు.

ఇదంతా చెప్తే వచ్చే జవాబులు నాకు తెలుసు.

ఒకటి, "అయితే రొయ్యలు మానేసి అందరూ అడుక్కుతినాలా?" నేనా మాట అనలేదు, కోర్టూ అనలేదు. మురుగు శుద్ధి ఖర్చు, పక్క చేను నష్టం, ఊరి మంచినీళ్ళ ఖర్చు రొయ్య ధరలో కలపమన్నారు అంతే. అవి కలిపితే లాభం మిగలదంటారా? అప్పుడు అది లాభం కాదు, పక్కవాడి జేబులోంచి తీసింది.

రెండు, "ఉమ్మడి వనరు ఇచ్చేది ఎవడికైనా అంతే, అందరూ దోచుకుంటారు." ఇది 1968లో గారెట్ హార్డిన్ చెప్పిన మాట, మాకూ చదివించారు. కానీ ఇదే తీరంలో పులికాట్ మీద జాలర్లకి 'పాడు' అనే పద్ధతి ఉంది. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతులు, చీట్లు. తరాలుగా నడిచింది. ఇలాంటి కట్టుబాట్లు ప్రపంచంలో చాలాచోట్ల పనిచేస్తాయని చూపించినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో నోబెల్ వచ్చింది. ఉమ్మడిగా ఉన్నంతకాలం బాగానే ఉన్నదాన్ని గట్టు కట్టి సొంతం చేసుకుని, పాడయ్యాక "ఉమ్మడిది కాబట్టి పాడైంది" అనడం ఏం న్యాయం?

మూడోది మనవాళ్ళ ప్రత్యేకం. "అవేర్‌నెస్ పెంచాలి." శనివారం కంపెనీ టీషర్టులేసుకుని బీచిలో ప్లాస్టిక్ ఏరి, ఫొటో దిగి, దారిలో రొయ్యల వేపుడు తిని రావడం. ప్లాస్టిక్ ఏరడం తప్పని నేననను. కానీ టీషర్టు మీద 'మనం' అని రాసి ఉంటుంది చూశారా, నాకు అక్కడ మండుతుంది.

చదువు వల్ల ఏమవుతుందనే ప్రశ్నకి మా జిల్లాలోనే పాత జవాబు ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడికి వెళ్ళారు. వాళ్ళ వాచకంలో సారా గురించి పాఠం ఉంది. ఆ పాఠం "మద్యం మానవాళి ఎదుర్కొంటున్న సవాలు" అని చెప్పలేదు. మొగుడి కూలి డబ్బులు ఏ కొట్టుకి పోతున్నాయో వాళ్ళకి కళ్ళకి కట్టింది. పాఠం అయ్యాక వాళ్ళు ఆ కొట్టు దగ్గరికే వెళ్ళారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండోది 1997లో ఎత్తేశారు, అది వేరే గొడవ. నా పాయింటు ఏమిటంటే, అక్షరాలు అప్పుడే దిద్దుకున్నవాళ్ళకి అడ్రసు ఎవరిదో తెలిసింది. మాస్టర్సు చదివే మాకు పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల రంగులు కంఠతా వచ్చు, అడ్రసు మాత్రం ఎవరూ చెప్పరు.

అంచేత మన ఐటీ జనానికి రెండు మాటలు. మనలో చాలామంది ఊళ్ళో బావమరిదితో కలిసి రొయ్యల గుంటల్లో పెట్టుబడి పెడుతున్నారు. పెట్టేముందు అథారిటీ రిజిస్ట్రేషన్ కాయితం చూపించమనండి. మురుగు నీళ్ళు ఎక్కడికి వదుల్తున్నారో అడగండి. స్టార్టప్‌లో పెట్టేముందు నూటెనిమిది ప్రశ్నలు వేస్తారు కదా, ఈ రెండు వేయడానికి మొహమాటం ఎందుకు?

రెండోది, మన చేతిలో ఉన్న పని. సమాచార హక్కు కింద మండలం వారీగా రిజిస్టరైన గుంటల జాబితా అడగొచ్చు. ఉపగ్రహ చిత్రాలు ఉచితం. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూడటం మనకి ఒక వారాంతం పని. పండక్కి ఊరెళ్ళినప్పుడు చౌకలో దొరికే టీడీఎస్ మీటరు ఒకటి పట్టుకెళ్ళి ఊరి బోర్లలో ముంచండి. తాగేనీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. మీ ఊరి అంకె ఎంతో, ఏ గుంటకి ఎంత దూరంలో ఎంతో రాసి పెట్టండి. ఏడాదికోసారి రాయండి.

ఆ కాయితం చేతిలో ఉంటే గ్రామసభలో ఎవరన్నా లేచి "మనందరం కలిసి పర్యావరణాన్ని కాపాడుకోవాలి" అన్నప్పుడు, మా మామలాంటివాళ్ళు అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది: "సరే సార్, ముందు ఈ ఉప్పు ఎవరిదో తేల్చండి."