అద్దం వదలని మరమనిషి

పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో కొత్త మరమనిషి! తయారుచేసింది తనే. ఎందుకు చేశాడో మాత్రం గుర్తులేదు. పోనీ దాన్నే అడుగుదామంటే, అదేమో అద్దం ముందునుంచి కదలదు. తన అందం చూసుకోవడానికే దానికి తీరిక చాలడం లేదు. ఇక పనెప్పుడు చేస్తుంది?

1943 అక్టోబరులో ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ అనే అమెరికన్ పత్రికలో అచ్చయిన ‘ది ప్రౌడ్ రోబోట్’ కథలోని తంతు ఇది. రాసింది హెన్రీ కట్నర్. ఆయనా, భార్య సి.ఎల్.మూర్ కలిసి వాడుకున్న ‘లూయిస్ ప్యాడ్జెట్’ అన్న కలంపేరుతో వచ్చింది.

కథానాయకుడు గాలెగర్ ఓ వింత శాస్త్రవేత్త. మందు పడితే మహామేధావి. ఎక్కడా లేని యంత్రాలు చేసేస్తాడు. మత్తు దిగితే మామూలు మనిషి. రాత్రి చేసిందేమిటో పొద్దునకి గుర్తుండదు. అలా పుట్టిందే ‘జో’. దాని ఒళ్లు పారదర్శకం. లోపల తిరిగే పళ్లచక్రాలు బయటికి కనిపిస్తుంటాయి. వాటిని చూసుకుని మురిసిపోతుంటుంది. పైగా మనుషులకు లేని ఇంద్రియాలు తనకున్నాయని గొప్పలొకటి!

అవతల గాలెగర్‌కి పీకలమీదికొచ్చింది. ఓ టెలివిజన్ కంపెనీ యజమానిని గట్టెక్కిస్తానని మాటిచ్చాడు. ఆ కంపెనీ కార్యక్రమాల్ని దొంగ థియేటర్లు పెద్ద తెరమీద వేసి సొమ్ము చేసుకుంటున్నాయి. ఇంట్లో కూర్చుని చూడటంకన్నా పదిమందితో చూడటమే జనానికి సరదా మరి. టీవీ ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లోనే పైరసీ గొడవను ఊహించారన్నమాట! ఈ చిక్కు విప్పడానికే జోని తయారుచేసి ఉంటానని గాలెగర్ నమ్మకం. బతిమాలాడు, బెదిరించాడు. ఊహూ... అది వింటేగా!

నిజానికి రోబో అంటేనే చెప్పిన పని చేసేది. ఈ మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో ప్రచారంలోకి వచ్చింది. దానికి మూలమైన ‘రోబోటా’కి అర్థం వెట్టిచాకిరీ. మనిషి చెప్పినట్టు రోబో వినాలన్న నియమాన్ని ఐజాక్ అసిమోవ్ 1942 మార్చిలో తన కథలో రాశారు. అది అచ్చయిందీ ఈ పత్రికలోనే. ఏడాదిన్నర దాటిందో లేదో... అవే పేజీల్లో జో ఆ నియమాన్ని గాలికొదిలేసింది!

ఇంతకీ దాని రహస్యం ఏమిటి? జో పుట్టింది దొంగ థియేటర్ల పని పట్టడానికి కాదు... బీరు డబ్బా మూత తీయడానికి! ఆ సంగతి తెలిసి, అదే పని పురమాయించాక జో దారికొచ్చింది. చెప్పిన మాట వినడం మొదలుపెట్టింది. అంటే తప్పు మరమనిషిది కాదు. దాన్ని ఎందుకు చేశాడో మర్చిపోయిన మనిషిది.

నవ్వుకుని వదిలేసే కథే కానీ, మన ఇళ్లలోనూ గాలెగర్లకు తక్కువలేదు. ఆరోగ్యం కోసమని కొన్న ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. అది సరే, నష్టం వెయ్యో పదివేలో. ఇప్పుడు అడిగిందానికల్లా జవాబిచ్చే కృత్రిమ మేధ పిల్లల చేతికొచ్చింది. జోలా అది మొండికేయదు. లెక్క అడిగితే క్షణాల్లో చేసిపెడుతుంది. దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంది హోంవర్కు తొందరగా తెమిలిపోవడానికా, పిల్లాడికి లెక్కలు రావడానికా? ఆ తేడా యంత్రం చెప్పదు. అమ్మానాన్నలే గుర్తుపెట్టుకోవాలి.