బీభత్సమూ, ఒక బాలుని గిటారూ

మృత్యువు అనే అర్థం గల 'డెత్' అన్న పేరును ఒక సంగీత బృందం పెట్టుకొన్నదంటే మన పెద్దలు ముక్కున వేలు వేసుకొంటారు. 1987లో వెలువడిన ఆ బృందం తొలి ఆల్బం 'స్క్రీమ్ బ్లడీ గోర్'ను మా విద్యార్థి ఒకరు ఫోనులో వినిపించినప్పుడు మేమూ ఆ పనే చేశాము. రెండవ పాట సగంలోనే ఆపమన్నాము. ఆ కంఠం పాడుతున్నట్టు లేదు, గర్జిస్తున్నట్టున్నది. డ్రమ్ముల వేగానికి మాట తెలియదు. తెలిసిన మాటలా, శవాలూ నెత్తురూను! అయితే తీర్పు చెప్పే ముందు కర్తను గూర్చి విచారించడం సాహిత్యం బోధించే వారికి అలవాటు.

కర్త చక్ షుల్డినర్. 1967లో అమెరికాలో జన్మించి ఫ్లోరిడాలో పెరిగినవాడు. తొమ్మిదేళ్ల ప్రాయంలో అన్నను పోగొట్టుకొన్నాడు. ఆ దుఃఖం నుండి బిడ్డను మరలించవచ్చునని తల్లిదండ్రులు గిటారు కొనిచ్చారు. పద్ధతిగా నేర్పే పాఠాలు కొద్దికాలానికే విసుగు పుట్టించాయి. ఎలక్ట్రిక్ గిటారు చేతికి వచ్చిన పిమ్మట మరి విడువలేదు. ఆల్బం కొరకు ఫ్లోరిడాలో చేసిన ధ్వనిముద్రణ సంస్థవారికి తృప్తి కలిగించలేదు. కాలిఫోర్నియాలో మళ్లీ మొదటినుండి చేయవలసి వచ్చింది. క్రిస్ రైఫర్ట్ డ్రమ్ములు వాయించగా, గిటార్లూ బేసూ గానమూ ఇతడొక్కడే నిర్వహించాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఇంత శ్రమను అల్లరి అనడానికి మాకు నోరు రాలేదు.

మన ఆలంకారికులు బీభత్సాన్ని రసంగా అంగీకరించారు. తిక్కన యుద్ధపర్వాలు చెప్పేటప్పుడు తెగిపడిన తలలను చూచి మనం ముఖం తిప్పుకోము. కాని అక్కడ ఆ రక్తం వెనుక ఒక పరితాపం ఉన్నది. ఈ తొలి ఆల్బంలో జుగుప్స ఉన్నది గాని రసం లేదు. మాటలు చాలావరకు భయానక చలనచిత్రాల నుండి అరువు తెచ్చుకొన్నవి. అర్థం విచారించకుండా తల ఊపే విద్యార్థి మిత్రులు ఈ లోపాన్ని గమనించాలి.

తరువాతి ఆల్బంలలో అతని రచన శవాలను వదలి మనిషివైపు తిరిగింది. 1995 నాటి 'సింబాలిక్'లో చేజారిన బాల్యపు అమాయకత్వాన్ని తలచుకొన్నాడు. 1999లో మెదడులో కంతి బయటపడింది. వైద్యవ్యయం కొరకు తోటి సంగీతకారులు కచేరీలు చేశారు. 2001 డిసెంబరు 13న, 34వ ఏట కన్నుమూశాడు.

ఈ తరహా సంగీతాన్ని వార్షికోత్సవంలో వాయిస్తామని మన విద్యార్థులు కొందరు కోరుతున్నారు. కళాశాల సంఘంవారు అనుమతి ఇవ్వవలెనన్నదే మా అభిప్రాయం. పాటల మాటలను మాత్రం ముందుగా మాకు చూపించవలసి ఉంటుంది. ఆనాడు ఆపించిన రెండవ పాటను మొన్న కడదాకా విన్నాము.