ఉడికే గింజ వేరు, మొలిచే గింజ వేరు

ఈ మధ్య మనవాళ్ళలో కొందరికి కొత్త ఉత్సాహం పుట్టింది. "విత్తనాల నాణ్యత చెప్పే ఏఐ చేశాం, యాక్యురసీ 99 శాతం" అంటున్నారు. మంచిదే. దేనిమీద ట్రైన్ చేశారు బాబూ అని అడిగితే, నెట్‌లో ఉచితంగా దొరికే ఆ 75,000 ఫొటోల డేటాసెట్ చూపిస్తారు.

అది 2021లో టర్కీ పరిశోధకులు వాడింది. అర్బోరియో, బాస్మతి, జాస్మిన్ లాంటి 5 రకాలు, ఒక్కోదానికి 15,000 ఫొటోలు, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఫొటోకో గింజ. రకం గుర్తుపట్టడానికి చేశారు, ఆ పనికి భేషుగ్గా ఉంది. కానీ అవి బియ్యం మహాప్రభో, వడ్లు కావు! మర పట్టిన బియ్యం మొలకెత్తవని మా అమ్మమ్మనడిగినా చెబుతుంది. పైగా మన సాంబ మసూరీ, ఎంటీయూ 1010 అందులో లేనేలేవు.

"సరే, వడ్లే ఫొటోలు తీస్తాం" అంటారా? అసలు తిరకాసు లేబుల్ దగ్గరుంది. ఎవరో ఇంటర్న్ కూర్చుని, గింజ నిగనిగలాడితే "గుడ్", మచ్చుంటే "బ్యాడ్" అని నొక్కుతాడు. మన దేశంలో ధృవీకరించిన వరి విత్తనానికి భౌతిక స్వచ్ఛత 98 శాతం, మొలక శాతం 80 ఉండాలి, తేమ 13 శాతం మించకూడదు. మట్టిబెడ్డలూ, విరిగిన గింజలూ కెమెరా పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. మొలక సంగతేంటి? వేడి గోడౌన్లో మొలకశక్తి పోయిన గింజ కూడా పైకి బంగారంలాగే ఉంటుంది. ల్యాబులో 400 గింజలు తడి కాగితాల్లో పెట్టి 14 రోజులు చూసేది పనిలేక కాదు.

మరేం చెయ్యాలి? నంబర్లేసిన గళ్ళలో గింజలు పెట్టి ఫొటో తియ్యండి. అవే గింజల్ని అదే వరసలో మొలకకి పెట్టండి. 14 రోజుల తర్వాత సరిగ్గా మొలిచిందా లేదా అన్నదే లేబుల్. ఒకే బస్తా గింజల్ని సగం ట్రైనింగ్‌కీ సగం టెస్టింగ్‌కీ పంచకండి. టెస్టుకి వేరే లాటు, వేరే కెమెరా ఉండాలి. అప్పుడు మీ 99 కాస్తా దిగొచ్చు, దిగనివ్వండి. ఫొటో చూసి మొలక చెప్పలేమనే తేలొచ్చు, తేలనివ్వండి. అదీ పనికొచ్చే ఫలితమే.

సినిమా రికమెండేషన్ తప్పితే మనకో సాయంత్రం పోతుంది. విత్తనం గ్రేడు తప్పితే రైతుకి నారుమడి పోతుంది, పెట్టుబడి పోతుంది, అదనూ పోతుంది. మనం మోడల్‌ని మళ్ళీ ట్రైన్ చేసుకోవచ్చు, ఆయనకి ఆ అదను మళ్ళీ రాదు.

కాబట్టి స్లైడు మీద 99 వేసేముందు ఒక్క ముక్క చెప్పండి: మీరు "గుడ్" అన్న గింజల్లో ఎన్ని మొలిచాయి?